బ్యాక్టీరియా చావడం ఒక్కటే చాలదు, రక్తకణం బతకాలి

తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నానని, మందులకు లొంగని బ్యాక్టీరియా మీద చిన్న కృత్రిమ అణువులు తయారుచేసే పీహెచ్‌డీలో చేరాలనుందని, ముందు ఏం తెలుసుకోవాలని అడిగారు. ఇదే ఊళ్లో ఆ పని మీదే పీహెచ్‌డీ చేశాను కాబట్టి చెబుతున్నాను.

బ్యాక్టీరియాను చంపే అణువు చేయడం పెద్ద కష్టం కాదు. ఫినాయిల్ కూడా చంపుతుంది. మన కణాల జోలికి పోకుండా చంపాలి, అసలు కష్టమంతా అక్కడే.

1987లో మైఖేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మాగైనిన్లు అనే పెప్టైడ్లను, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులను కనుక్కున్నారు. వాటికి ఒకవైపు ధనావేశం, ఇంకోవైపు నూనె స్వభావం. బ్యాక్టీరియా పొర మీద రుణావేశం ఎక్కువ, మన కణాల పొర బయటివైపు దాదాపు తటస్థం. అందుకే అవి ఎక్కువగా బ్యాక్టీరియా పొరనే పట్టుకుని చీలుస్తాయి. కానీ పెప్టైడ్ల తయారీకి ఖర్చెక్కువ, పైగా ఒంట్లోని ఎంజైములు వాటిని తుంచేస్తాయి. అదే గుణాన్ని చిన్న అణువులోకి తేవడం మా పని: ధనావేశం కోసం ఒక పక్క అమైన్ గ్రూపు, నూనె స్వభావం కోసం మరో పక్క కార్బన్ తోక.

తోక పొడుగు దగ్గరే అందరం తంటాలు పడతాం. ఎనిమిది కార్బన్ల నుంచి పన్నెండుకు పెంచితే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద పనితనం సాధారణంగా బాగా పెరుగుతుంది. రెజాజురిన్ అనే నీలి రంగు వేసిన ప్లేటులో, బ్యాక్టీరియా బతికుంటే గులాబీ రంగుకు తిరగాల్సిన గుంటలు నీలంగానే ఉండిపోతాయి. అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. అదే అణువును ఎర్ర రక్తకణాలతో కలిపి, కాసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. కణాలు క్షేమంగా ఉంటే అడుగున ఎర్రటి ముద్ద, పైన తేట నీరు. పగిలితే పై నీరంతా ఎరుపే. మా ల్యాబ్‌లో మంచి ఎం.ఐ.సి. (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) వచ్చిన అణువులు చాలావరకు ఇక్కడే రాలిపోయాయి. కాబట్టి ఈ పరీక్షను ఆఖర్న పెట్టుకోకండి, ఎం.ఐ.సి.తో పాటే చేయండి. సీరం (రక్తంలోని ద్రవభాగం) కలిపి కూడా చూడండి, ప్రోటీన్లకు అతుక్కుని చతికిలపడేవి కొల్లలు.

ఈ. కొలై, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు ఇంకా మొండివి, వాటికి బయట అదనంగా మరో పొర ఉంటుంది. ప్రైమరీ అమైన్, చదునైన ఆకారం, బిగువు ఉన్న అణువులు ఈ. కొలైలో పేరుకునే అవకాశం ఎక్కువని 2017లో అమెరికా కెమిస్టు పాల్ హెర్గెన్‌రోథర్ బృందం చూపింది. చేరకముందే ఆ పేపరు తప్పక చదవండి.

ఇక ల్యాబ్ సంగతి. ఎస్వీ యూనివర్సిటీ, స్విమ్స్ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి, ఐసర్, ఐఐటీ ఏర్పేడు వైపు. ఎక్కడైనా సరే, అణువులను ఎవరు పరీక్షిస్తారు, ఏ స్ట్రెయిన్ల (బ్యాక్టీరియా రకాల) మీద, ఫలితం ఎన్నాళ్లకొస్తుంది అని గైడ్‌ను ముందే అడగండి. మైక్రోబయాలజీ వాళ్ల తోడు లేని చోట మాత్రం చేరొద్దు.