నీ వ్యాసం చదివాను తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

పేగన్లను, అంటే పాత రోమన్ దేవతలను కొలిచినవాళ్లను, క్రైస్తవులతో పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసంలో శ్రమ కనిపిస్తోంది. అయితే మొదటి పేజీలో గీసిన ఆ పట్టిక తీసెయ్. దేవుళ్లెందరు, పాపమంటే ఏమిటి, చచ్చాక ఎక్కడికి పోతాం అంటూ వరుసగా నింపావు. అవన్నీ క్రైస్తవం వేసే ప్రశ్నలే. నువ్వేం నమ్ముతావని రోమన్ పూజారిని అడిగితే తెల్లమొహం వేసేవాడు. క్రతువులో మాట తప్పిందా, బలి సరిగ్గా జరిగిందా అన్నదే అతని టెన్షన్. తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లు. ఎలా బతకాలన్న చర్చ చాలావరకు తత్వవేత్తలకే వదిలేశారు.

ఈ తేడా చూపించాలంటే రోమన్ అధికారి ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరం పట్టుకో. 112 ప్రాంతంలో ఆయన బిథినియా, పొంటస్‌ల గవర్నరు. ఇప్పటి టర్కీలో ఉత్తర తీరం అది. క్రైస్తవులన్న అనుమానంతో పట్టుకొచ్చినవాళ్ల ముందు దేవతా విగ్రహాలనూ చక్రవర్తి ప్రతిమనూ పెట్టించాడు. ధూపం వేసి, ద్రాక్షసారా పోసి, క్రీస్తును తిట్టినవాళ్లను నిందితుల్లోంచి తీసేశాడు. వాళ్లు మనసులో ఏమనుకుంటున్నారో ఆయనకు అక్కర్లేదు. మీ దేవుడికి మొక్కుకోండి, మా దేవుడికీ ఓ దండం పెట్టండి, పోయేదేముంది అన్నది పేగన్ల లెక్క. క్రైస్తవుడికి ఆ చిటికెడు ధూపమే ప్రాణం మీదికొచ్చింది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

అదే ఉత్తరంలో ఇంకో వివరం ఉంది. బలి మాంసం కొనేవాళ్లే కరువయ్యారనీ, ఇప్పుడిప్పుడే మళ్లీ అమ్ముడవుతోందనీ రాశాడు. మతం మారితే సంతలో ఎవడి బేరం పడిపోతుందో చెప్పే ఇలాంటి వాక్యం దొరికితే వదలకు. ప్లినీని దుర్మార్గుడిగానూ రాయకు. నిజం రాబట్టాలని ఇద్దరు బానిస స్త్రీలను హింసపెట్టించాడు, అది దాచొద్దు. కానీ ఉత్తరమంతా చదివితే ఏం చేయాలో పాలుపోని అధికారే కనిపిస్తాడు.

రోమన్లు కొలిచిన మిత్రా దేవుడు కూడా క్రీస్తులాగే డిసెంబర్ 25న కన్యకు పుట్టాడన్న వాక్యం కొట్టెయ్. శిల్పాల్లో అతను బండలోంచి పుడతాడు. ఆ తేదీకి పాత ఆధారం ఏదీ లేదు. 354 నాటి రోమన్ పంచాంగంలో మాత్రం అదే తేదీకి ‘అజేయుడి’ పుట్టినరోజూ ఉంది, క్రీస్తు పుట్టినరోజూ ఉంది. ఆ ‘అజేయుడు’ సూర్యుడని చాలామంది అంటారు. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో పండితులు ఇంకా తేల్చలేదు, నువ్వూ తేల్చకు. ఆధారమున్న అరువు కావాలంటే 601లో పోప్ గ్రెగరీ, ఇంగ్లండుకు మతప్రచారానికి వెళ్తున్న మెల్లిటస్‌కు రాసింది చూడు. ఇంగ్లండులో గుళ్లు కూల్చొద్దు, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లండి, జనం పశువులను కోసుకుని విందు చేసుకుంటే చేసుకోనివ్వండి, కానీ దేవుడి పేరు మీద చేసుకోమనండి అన్నాడు.

పేగన్లకు దయ లేదని రాశావే, అది మరీ అన్యాయం. ధనికులు ఊరికి ధాన్యం పంచారు, స్నానశాలలు కట్టించారు. కాకపోతే అది తమ నగరానికీ తమ పేరుకూ. బీదవాడు బీదవాడైనందుకే అన్నం పెట్టడం క్రైస్తవుల దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. ఈ మాట నువ్వు చెబితే పక్షపాతమంటారు, జూలియన్ చేత చెప్పించు. పాత దేవతలను మళ్లీ నిలబెట్టాలని చూసిన ఆ చక్రవర్తే, గలిలయవాళ్లు (క్రైస్తవులను ఆయన అలాగే పిలిచేవాడు) తమ బీదలతో పాటు మన బీదలనూ పోషిస్తున్నారని గలాటియా ప్రధాన పూజారికి రాసి ఉక్రోషపడ్డాడు.

ఇక ముగింపు. ఎవరు గొప్పో తేల్చే ఆ పేరా వద్దు. రోమ్ సెనేట్‌లోంచి తీసేసిన విజయదేవత బలిపీఠం మీద 384లో పేగన్ సెనేటర్ సిమ్మాకస్‌కూ, క్రైస్తవ బిషప్ ఆంబ్రోస్‌కూ జరిగిన వాదం పెట్టు. అంత పెద్ద రహస్యాన్ని ఒకే దారిలో చేరుకోలేమన్నాడు సిమ్మాకస్. మీరు ఊహించేది మాకు దేవుడి నోటి నుంచే తెలుసన్నాడు ఆంబ్రోస్. రెండూ గట్టి మాటలే. అయితే పేగన్ల చేతిలో అధికారం ఉన్నప్పుడు ఎవరి మతం వాళ్లదని బతిమాలింది క్రైస్తవులని కూడా అక్కడే గుర్తుచెయ్.

పట్టిక తీసేశాక ఎంత మిగిలితే అంతే పంపు.

మీ అన్నయ్య