కిట్‌లో జిరాక్స్ కార్డు పెట్టి "లోపం మీ కళ్లదే" అంటే?

సందేహం: లాయర్ గారూ, మాది ముషీరాబాద్. ఇంట్లో మూడడుగుల అక్వేరియం ఉంది. నీళ్లలో అమోనియా, నైట్రేట్ చూసుకునే టెస్ట్ కిట్ దగ్గర్లోని షాపులో రూ.2,600కు కొన్నాను. డబ్బులు యూపీఐలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. చుక్కలు వేసి చూస్తే నాకు పసుపుగానే కనిపించింది. అమోనియా లేదనుకుని ఊరుకున్నాను. నాలుగు రోజుల్లో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు చనిపోయాయి. తర్వాత మా అమ్మాయి ట్యూబ్ చూసి "ఇది ఆకుపచ్చ కదా నాన్నా" అంది. నాకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదని చిన్నప్పుడే డాక్టర్ చెప్పారు. కానీ కిట్‌లో వచ్చిన రంగుల కార్డు కూడా అసలుది కాదు, కలర్ జిరాక్స్. షాపు యజమానిని అడిగితే "లోపం మీ కళ్లదే, కిట్‌ది కాదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. కేసు వేయొచ్చా? వికలాంగుల చట్టం ఏమైనా పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: కేసు వేయొచ్చు. మీకు రంగు సరిగ్గా తెలియకపోవడం ఒక సంగతి, పెట్టెలో అసలు కార్డు లేకపోవడం వేరే సంగతి. షాపు యజమాని రెండింటినీ కలిపేసి తప్పంతా మీ మీదకు నెడుతున్నాడు. మీ ఫిర్యాదులో మాత్రం ఆ రెండూ విడివిడిగానే ఉండాలి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన కార్డును కిటికీ వెలుగులో పెట్టి చూశాను. అదే కిట్ వాడే మా జూనియర్ ఇంటి నుంచి అసలు కార్డు తెప్పించి పక్కన పెట్టాను. అసలు దాంట్లో సున్నా గడి, అంటే అమోనియా లేదని చెప్పేది, నిమ్మపండు పసుపు. 0.25 గడిలో ఆ పసుపులోకి సన్నగా పచ్చదనం దిగుతుంది. 0.5 దగ్గరకు వచ్చేసరికి లేత ఆకు రంగు. మీ జిరాక్స్‌లో మొదటి రెండు గడులూ నాకు ఒకేలా కనిపించాయి. నాకు రంగుల విషయంలో ఏ ఇబ్బందీ లేదు, అయినా తేడా చెప్పలేకపోయాను. ఈ కిట్‌లలో ఫలితం చెప్పేది కార్డే. అది సరిగ్గా లేకపోతే సీసాల్లో మందు ఎంత మంచిదైనా ట్యూబులో మిగిలేది ఉత్త రంగునీళ్లు. కాబట్టి కార్డు సరుకులో భాగమే, దాని లోపం సరుకు లోపమే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 86 మీకు బాగా పనికొస్తుంది. సరుకు తయారు చేయని అమ్మకందారు కూడా కొన్ని సందర్భాల్లో నష్టానికి బాధ్యుడవుతాడని అది చెబుతుంది. అమ్మేవాడే సరుకును మార్చి, ఆ మార్పే నష్టానికి ముఖ్య కారణమైతే అందులో ఒక సందర్భం. అసలు కార్డు తీసేసి జిరాక్స్ పెట్టడం అంటే సరుకును మార్చడమే అని వాదించవచ్చు. "నేను మార్చలేదు, పెట్టె అలాగే వచ్చింది" అంటే, సరుకును చూసి అమ్మడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

"వాపసు తీసుకోం" అన్న మాటకు చట్టంలో విలువ లేదు. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అలాంటి గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. మీరు కొన్నారనడానికి యూపీఐ రసీదు, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ సరిపోతాయి.

ఇప్పుడు కష్టమైన సంగతి. ఆ జిరాక్స్ షాపు పెట్టెలోనే వచ్చిందని ఎలా చూపిస్తారు? అసలు కార్డు పోగొట్టుకుని మీరే జిరాక్స్ తీసుకున్నారని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. పెట్టె తెరిచిన రోజు తీసిన ఫొటో, కార్డు గురించి షాపుకు పంపిన మెసేజ్ ఉంటే వెంటనే భద్రపరచండి. లేకపోతే మీకు తెలిసిన వాళ్లెవరైనా అదే షాపులో అదే కిట్ కొని, బిల్లు అడిగి తీసుకుని, కౌంటర్ ముందే వీడియో తీస్తూ తెరవాలి. అందులోనూ జిరాక్స్ ఉంటే మీ మాటకు బలం వస్తుంది. వీడియో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రుజువులకు కావలసిన సర్టిఫికెట్ జత చేయండి. రంగు రుజువుకు ఫోన్ ఫొటోనే నమ్ముకోకండి. ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా వస్తుంది. అసలు కార్డు, మీ కార్డు రెండూ వినియోగదారుల కమిషన్ ముందు పెట్టండి, సభ్యులే చూస్తారు.

చేపల నష్టం గురించి మీకు ఉన్నమాట చెప్పాలి. కిట్ డబ్బు, మనోవేదనకు పరిహారం, ఖర్చులు రావడానికి మంచి అవకాశం ఉంది. చేపల విలువ రాబట్టడం అంత తేలిక కాదు. అవి అమోనియాతోనే చనిపోయాయని మీరే చూపించాలి. కొత్తగా పట్టిన కుళాయి నీళ్లలో క్లోరిన్ తీయలేదా, కరెంటు పోయి గాలి పంపు ఆగిందా, ఫిల్టర్ స్పాంజి కడిగేశారా, ఇలా ఒక్కొక్కటీ అడుగుతారు. నీళ్ల పీహెచ్ కూడా అడుగుతారు, అది ఎక్కువగా ఉంటే అమోనియా విషం పెరుగుతుంది. ఆ వారం నీళ్లు ఎప్పుడు మార్చారు, మేత ఎంత వేశారు, ఏ చేప ఏ రోజు పోయింది, గుర్తున్నంతవరకు ఈ రోజే తేదీలతో రాసి పెట్టుకోండి. రోజులు గడిచేకొద్దీ ఆ వివరాలు మసకబారిపోతాయి.

మీ చూపు సంగతి దాచకండి. ఫిర్యాదులో మీరే ఒక పేరాలో రాయండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ బయటపెడితే మీ మీద నమ్మకం పోతుంది. మీరే ముందు చెబితే, మామూలు చూపు ఉన్నవాళ్లకు కూడా ఈ జిరాక్స్‌లో తేడా తెలియదని నిలబడి చెప్పగలరు. మీ అమ్మాయి సాక్ష్యం ఇక్కడ కీలకం. ఆమె కార్డుతో పోల్చి చెప్పిందా, ట్యూబ్ చూసి చెప్పిందా అన్నది ఆమె మాటల్లోనే అఫిడవిట్‌గా రాయించండి.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 మాత్రం ఈ కేసులో ఉపయోగపడదు. అందులోని 21 వైకల్యాల జాబితాలో వర్ణాంధత్వం, అంటే మీలా రంగుల తేడా తెలియకపోవడం, లేదు. సుప్రీంకోర్టు 2022లో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సుల్లో వర్ణాంధులను చేర్చుకోవాలంది. 2025లో మన తెలంగాణ ఆర్టీసీలో రంగులు పోల్చలేడని ఉద్యోగం పోయిన డ్రైవర్‌కు వేరే పని ఇవ్వాలంది. నాకు చాలా సంతోషం కలిగించిన తీర్పులివి. కానీ అవి చదువు, ఉద్యోగం గురించినవి. రంగుల మీద ఆధారపడే కిట్‌ను అందరూ చదవగలిగేలా తయారు చేయాలనే నియమం వాటిలో లేదు. అయితే సరైన వాడకానికి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కింద తయారీదారుకు బాధ్యత ఉంటుంది. పగటి వెలుగులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడమని కిట్‌లో ఎక్కడైనా రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే తయారీదారును, విదేశీ సరుకైతే పెట్టె మీద పేరున్న దిగుమతిదారును కూడా ప్రతివాదులుగా చేర్చండి.

ముందు షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగండి. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా ఇంటి నుంచే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయండి. సరుకుకు మీరు కట్టింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. మీరే వాదించుకోవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

ఆ సీసాలు, ట్యూబులు, పెట్టె ఏవీ పారేయకండి, వాడకండి కూడా. కమిషన్ అవసరమనుకుంటే వాటికి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. మిగిలిన చేపల కోసం వేరే కిట్ కొనుక్కుని, కొన్నాళ్లు రంగు మీ అమ్మాయితో చూపించుకోండి. ఈసారి బిల్లు తీసుకోండి.