బొట్టు గురించి అడిగారు, నేను మీ అత్తగారి గురించి చెబుతాను

ఉత్తరం: మేడమ్ గారికి వందనాలు. మాది విశాఖ, మల్కాపురం వైపు. నాకు 41 ఏళ్ళు. మావారి తాతగారి కాలం నుంచి సంఘంలో ఉన్న కుటుంబం మాది. అత్తయ్య ముప్పై ఏళ్ళు బైబిల్ ఉమన్‌గా, అంటే చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే మనిషిగా పనిచేశారు. మావారు చిన్న కాంట్రాక్టరు, వార్డులో మంచి పేరుంది. హుద్‌హుద్ తుఫానప్పుడు ఆయనా అత్తయ్యా కలిసి చర్చి హాల్లో గంజి కాచి మూడు రోజులు వీధి మొత్తానికి పెట్టారు. ఈసారి మా వార్డు ఎస్సీలకు రిజర్వ్ అవుతుందంటున్నారు, మావారు కార్పొరేటర్‌గా నిలబడాలనుకుంటున్నారు. చదువుకునే రోజుల్లో తీసుకున్న ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. ఎన్నికలయ్యేదాకా చర్చికి దూరంగా ఉండమనీ, ఫ్లెక్సీలో నేను బొట్టుతో కనిపించాలనీ పార్టీవాళ్ళు అంటున్నారు. ఇంటి హాల్లో బైబిల్ వాక్యం పటం తీసేసి క్యాలెండర్ పెట్టాం. అత్తయ్యను అనకాపల్లిలో మా ఆడపడుచు ఇంటికి పంపాం. పాస్టరు గారేమో దేవుడు హృదయాన్ని చూస్తాడులే అన్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక బొట్టు పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టుకుంటే ప్రభువును కాదన్నట్టేనా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. (ఒక సోదరి)

జవాబు: అమ్మా, బొట్టు సంగతి ముందు తేల్చేద్దాం. రాస్ హిల్ మీద మేరీమాత గుడికి ఆదివారం వెళ్ళి చూడండి, బొట్టు పెట్టుకుని, పూలు పెట్టుకుని మోకాళ్ళ మీద ప్రార్థించే ఆడవాళ్ళు కనిపిస్తారు. మీ సంఘంలో పెట్టుకోరు, అది మీ అలవాటు. ఇష్టమైతే పెట్టుకోండి, లేకపోతే మానండి, దానికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. ఫ్లెక్సీ కోసం పెట్టుకోవడం మాత్రం వేషం వేయడమే, అది మీకే తెలుసు కాబట్టి నాకు ఉత్తరం రాశారు.

మీరు పంపిన మూడు పేజీల ఉత్తరాన్ని కుదించి పైన వేశాను. ఆ మూడు పేజీల్లో బొట్టుకి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. మీ అత్తగారిని అనకాపల్లి పంపిన సంగతికి ఒక్క లైను. అది కూడా గోడ మీది పటం పక్కనే రాశారు, పటం తీశాం, అత్తయ్యను పంపాం, అని. రెండూ ఒకటేనా అమ్మా? ఆ లైను దగ్గర నేను ఆగిపోయాను. మిగతా ఉత్తరమంతా ఆ ఒక్క లైను మీద దుప్పటి కప్పడానికి రాసినట్టే ఉంది.

నేను మీ మతం దాన్ని కాదు. పాత పోస్టాఫీసు దగ్గర పుట్టి పెరిగినదాన్ని. మా వీధిలో ఒక బైబిల్ ఉమన్ ఉండేవారు. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. మధ్యాహ్నం ఎండలో కేజీహెచ్‌కి నడిచి వెళ్ళి, ఎవరూ లేని రోగుల మంచం పక్కన కూర్చునేవారు. మా అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నుదుటి మీద సింహాచలం అప్పన్న బొట్టు ఉండగానే ‘ప్రార్థన చెయ్యండి ఆంటీ’ అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ బొట్టు చూసి మొహం తిప్పుకోలేదు, మా అమ్మ ఆవిడ సంచిలో ఏముందని అడగలేదు. అందుకేనేమో, బైబిల్ ఉమన్ అనే మాట చదవగానే నాకు మీ ఆయన ఎన్నిక కనిపించలేదు, డెబ్బై దాటిన మనిషి సంచి సర్దుకుని బస్సెక్కడం కనిపించింది.

ఆ సంచి ఎవరు సర్దారు? మీరు రాయలేదు. మీ ఆయన సర్ది ఉండరు, మన ఇళ్ళలో మగవాళ్ళకి తల్లి చీరలు ఎక్కడుంటాయో కూడా తెలియదు. పంపింది ఆయనే అయినా సర్దింది మీరే అయుంటారు. ఆవిడకి ఏం చెప్పి పంపారు? ‘కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉండి రండి, మార్పుగా ఉంటుంది’ అనా? ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి మనుషుల మొహాలు చదివిన ఆవిడకి ఆ మాట వెనక మాట తెలియకుండా ఉంటుందా? తెలిసే వెళ్ళారు. కొడుకు గెలవాలని నోరు మూసుకుని వెళ్ళారు. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ మీకు నేను గుర్తుచేయక్కర్లేదు.

ఇక దాచడం సంగతి. ఎవరి దగ్గర దాస్తున్నారు? 2014 అక్టోబర్‌లో కరెంటు లేక, తాగడానికి నీళ్ళు లేక ఊరంతా అల్లాడిన రోజుల్లో చర్చి హాల్లో మీ అత్తగారి చేతి గంజి తాగినవాళ్ళే కదా రేపు మీ ఆయనకి ఓటేయాల్సింది! వాళ్ళకి మీరెవరో తెలియదా? ఈ ఊరికి లండన్ మిషన్ దొరలు 1805లోనే వచ్చారు. హార్బర్ ఒడ్డున ఒక కొండ మీద దర్గా, ఒక కొండ మీద మేరీమాత, ఇంకో కొండ మీద వెంకన్న. విశాఖలో క్రైస్తవుడు కనిపిస్తే ఎవరూ ఉలిక్కిపడరు. మీరు దాస్తున్నది ఓటర్ల దగ్గర కాదు, సర్టిఫికెట్ దగ్గర. ఆ మాట మీ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు, నేను అంటాను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇంతవరకూ చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు బీసీ-సీ కింద వస్తారు, దానికి ఉన్న కోటా ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ, కోటా కోసం మాత్రం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో చెప్పింది. తప్పుడు కుల ధ్రువీకరణ పత్రాలకు శిక్ష వేసే చట్టం 1993 నుంచి ఉంది. ఓడిపోయిన అభ్యర్థి ఒక ఫిర్యాదు రాసి, మీ పెళ్ళి ఫొటో ఒకటి జత చేస్తే చాలు, విచారణ మొదలవుతుంది. తాతల కాలం నుంచి చర్చి రిజిస్టరులో మీ వాళ్ళ పేర్లున్నాయి, వాటిని ఏ క్యాలెండరూ కప్పలేదు.

ఈ చట్టం న్యాయమైనదని నేను అనడం లేదు. నా దృష్టిలో కాదు. బాప్తిస్మం నీళ్ళలో మునిగి లేస్తే కులం కడుక్కుపోతుందా? అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే చర్చికి వెళ్ళేవాళ్ళని కూడా ‘మీరేమిట్లు’ అని అడుగుతారు. చర్చిల్లోనే కులం చూసుకుని సంబంధాలు కలుపుకునేవాళ్ళని మీరు చూడలేదా, నేను చూశాను. ఈ మార్పు కోరుతూ మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. దానికోసం గొంతెత్తాల్సింది ఎవరు? మీ ఆయనలాంటివాళ్ళే. తల్లిని అనకాపల్లిలో దాచి, వాక్యం పటం బీరువా వెనక పెట్టి గెలిచిన మనిషి రేపు కౌన్సిల్లో లేచి ‘మా క్రైస్తవ దళితులకు అన్యాయం జరుగుతోంది’ అని అనగలరా? అంటే మొదట పోయేది ఆయన పదవే. గెలిచిన రోజు నుంచే నోరు కట్టేసుకుని ఐదేళ్ళు కూర్చోవాలి. అలాంటి పదవికి ఇంత ఆరాటం ఎందుకో నాకు అర్థం కాలేదు.

పాస్టరు గారి మాట గురించి పెద్దగా చెప్పను. ఉత్తరం చివర్లో, గెలిస్తే చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తామని పార్టీవాళ్ళు మాటిచ్చారని కూడా రాశారు. దేవుడు హృదయాన్ని చూస్తాడు నిజమే, ప్రహరీ గోడ మాత్రం పాస్టరు గారే చూస్తారు. ఈ విషయంలో ఆయన సలహా పక్కన పెట్టండి.

మీ ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు. తుఫానులో గంజి కాచిన మనిషి చెడ్డవాడు కాదు. ఎవరో నలుగురు ‘అన్నా అన్నా’ అంటూ వెంట తిరిగేసరికి కాస్త కళ్ళు నెత్తికెక్కాయి, అంతే. అలాంటప్పుడే ఇంట్లో ఆడది గట్టిగా ఉండాలి. భర్త మాట కాదనకూడదని మీకు నేర్పి ఉంటారు, నాకూ నేర్పారు. నేనూ చాలా ఏళ్ళు కాదనకుండా ఉండి, తర్వాత విచారించాను. భర్త మాట వినడం వేరు, ఆయన అబద్ధానికి బొట్టు పెట్టుకుని పక్కన నిలబడటం వేరు.

ముందు ఆయనతో మాట్లాడండి, పార్టీవాళ్ళు లేనప్పుడు, రాత్రి అన్నం పెట్టాక. మతం గురించి ఎత్తకండి, ఎత్తితే వాదన అవుతుంది. ‘అత్తయ్యను తీసుకురావడానికి వెళ్తున్నాను, మీరూ రండి’ అనండి. నిలబడొద్దని కూడా అనకండి, నిలబడటం తప్పేం కాదు. ఎన్నికల కేసులు చూసే లాయరు దగ్గరికి వెళ్ళి, బీసీ వార్డులోనో జనరల్ వార్డులోనో ఉన్నది ఉన్నట్టు చెప్పి పోటీ చేయడానికి దారి ఉందేమో కనుక్కోమనండి. పార్టీ టికెట్ ఇవ్వనంటుందేమో. అనవచ్చు. ఆ నష్టం ఆయన పడాల్సిందే, దానికి నా దగ్గర మందు లేదు.

మీ అబ్బాయి పదో తరగతి అన్నారు, ‘నానమ్మ ఎప్పుడొస్తుంది’ అని అడుగుతున్నాడనీ రాశారు. వాడికి మీరు చెప్పిన జవాబు మాత్రం రాయలేదు.

ఆయన వచ్చినా రాకపోయినా ఈ శనివారం మీరు వెళ్ళండి. గాజువాకలో బస్సెక్కితే గంట, గంటన్నర, అంతకంటే దూరం కాదు. బయల్దేరే ముందు ఆ క్యాలెండర్ తీసేసి పటం మళ్ళీ పెట్టండి, ఇంట్లోకి రాగానే ఆవిడ కన్ను పడేది ఆ గోడ మీదే. అక్కడికెళ్ళాక ఆరోగ్యం ఎలా ఉంది, కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి అంటూ చుట్టూ తిరగకండి. ‘మిమ్మల్ని పంపడం తప్పు అత్తయ్యా, సంచి సర్దింది నేనే’ అనండి. ఆవిడ ఒకవేళ ఎన్నికలయ్యాకే వస్తానంటే, కొడుకు మీద ప్రేమతో అంటారు కూడా, వెంటనే బస్సెక్కి వచ్చేయకండి. ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున ఆవిడతో కలిసి అక్కడి చర్చికి వెళ్ళండి. అబ్బాయికి అన్నం మీ ఆయన పెట్టుకుంటారు.