విమాన పోరాట ఆటకు నియమాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాలతో బల్ల మీద ఆడే ఆట ఒకటి మిత్రులమంతా కలిసి తయారు చేసుకుంటున్నాం. హై యో-యో, సిజర్స్, స్ప్లిట్-ఎస్ వంటి విన్యాసాలకు ఒక్కొక్క కార్డు పెట్టి, కార్డు వేసినవారికి పాచికల్లో అదనపు పాయింట్లు ఇచ్చాం. కొన్నాళ్లకే అందరూ అవే రెండు మూడు కార్డులు వేస్తున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: విన్యాసాన్ని బహుమతిగా లెక్కించడంలో ఉంది. పైలట్ హై యో-యో చేసేది దానివల్ల బలం పెరుగుతుందని కాదు; తన వేగం మరీ ఎక్కువై, ముందున్న విమానం తిరిగినంత బిగుతుగా తిరగలేక, దాన్ని దాటిపోయి తానే దాని తుపాకుల ముందుకు వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి. ఆ ప్రమాదం మీ బల్ల మీద లేనప్పుడు ఆ విన్యాసానికి అక్కడ పని ఉండదు. అందువల్ల ముందుగా వేగం, ఎత్తు, మలుపు అనే మూడింటి మధ్య ఉన్న సంబంధాన్ని నియమాల్లోకి తీసుకురండి. అది కుదిరితే సగానికి పైగా విన్యాసాలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

ఒక ఊహా విమానంతో లెక్క వేసి చూపిస్తాను. షట్కోణపు గడి ఒక్కటి 100 మీటర్లు, ఒక వంతు 4 సెకన్లు అనుకుందాం. అప్పుడు వేగం 4 అంటే వంతుకు 4 గడులు, అంటే గంటకు 360 కిలోమీటర్లు. ఈ విమానం తిన్నగా ఎగిరేటప్పుడు సెకనుకు 40 మీటర్ల కంటే వేగం తగ్గితే స్టాల్ అవుతుందనీ (రెక్కలు విమానాన్ని మోయలేక అది పడిపోతుందనీ), మలుపులో 4 జి, అంటే బరువుకు నాలుగింతల బలం, దాటకూడదనీ పెట్టుకుందాం. మలుపు వ్యాసార్ధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ముక్కును ఒక గడి అంచు మేర, అంటే 60 డిగ్రీలు తిప్పడానికి వేగం 6 వద్ద 6 గడులు, 5 వద్ద 4, 4 వద్ద 3, 3 వద్ద 2 గడులు ముందుకు కదలవలసి వస్తుంది. వేగం 2 వద్ద కూడా 2 గడులే కావాలి, ఎందుకంటే అంత నెమ్మదిలో రెక్కలకు 4 జి లాగే శక్తి ఉండదు, గట్టిగా లాగితే స్టాల్ అవుతుంది. ఇందులో ఆటకు ప్రాణమైన విషయం ఒకటుంది: వేగం 6 వద్ద 60 డిగ్రీలు తిరగడానికి వంతు మొత్తం పడుతుంది, వేగం 2 వద్దా అంతే పడుతుంది, కానీ వేగం 3 వద్ద వంతు సమయాన్ని మూడు భాగాలు చేస్తే అందులో రెండు చాలు. ప్రతి విమానానికీ ఇలా త్వరగా తిరగగలిగే వేగం ఒకటి ఉంటుంది. పోరాటమంతా తాను ఆ వేగానికి దగ్గరగా ఉండటానికీ, ఎదుటివారిని దానికి దూరంగా నెట్టడానికీ సాగే పెనుగులాటే.

ఇక ఎత్తు సంగతి. వేగాన్నీ ఎత్తునూ ఒకే ఖాతాలోని సొమ్ముగా చూడాలి. ఇంజను సాయాన్ని పక్కన పెడితే, వేగం 6 నుంచి 5కు తగ్గుతూ పైకెక్కిన విమానం సుమారు 350 మీటర్లు ఎక్కుతుంది, 3 నుంచి 2కు తగ్గేది 160 మీటర్లే ఎక్కుతుంది. ఎత్తులో ఒక మెట్టు 50 మీటర్లు అనుకుంటే, వేగంలో ఒక్కో అంకె తగ్గినందుకు పై నుంచి వరుసగా 7, 6, 4, 3 మెట్లు ఇవ్వండి. దిగేటప్పుడు అవే మెట్లు వెచ్చించి వేగం తిరిగి కొనుక్కోనివ్వండి. గరిష్ఠ మలుపు తీసుకున్న ప్రతిసారీ ఒక మెట్టు వసూలు చేయండి, ఎందుకంటే గట్టి మలుపులో పుట్టే గాలి నిరోధాన్ని ఆ కాలపు ఇంజను పూర్తిగా భర్తీ చేయలేదు.

ఇప్పుడు బల్ల మీద చూడండి. వెంటాడే విమానం వేగం 6, పారిపోయేది 4. రెండోది 3 గడులకొకసారి మలుపు తిరుగుతుంటే మొదటిది అదే ఎత్తులో దాన్ని అందుకోలేదు, బయటకు జారిపోతుంది. అందుకని వేగం 4కు తగ్గేదాకా పైకెక్కితే 13 మెట్లు కలిసి వస్తాయి. పైన ఇప్పుడు తానూ 3 గడుల్లోనే తిరిగి, శత్రువు తిరిగే వలయం లోపలికి ముక్కు పెట్టి, దాచుకున్న ఎత్తును ఖర్చు చేస్తూ దాని తోక వెనక్కి దిగుతుంది. హై యో-యో అంటే ఇదే. దీనికి కార్డు లేదు, అదనపు పాయింట్లు లేవు, అయినా అవసరమైన క్షణంలోనే ఆటగాడికి తడుతుంది. సిజర్స్ కూడా అంతే: ఇద్దరూ ఒకరి దారిని ఒకరు కోస్తూ పోతే, ముందుగా నెమ్మదించినవారు వెనక పడి లాభపడతారు.

ప్రశ్న: ఇమ్మెల్మాన్ మలుపును ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా వివరిస్తున్నారు. మొదటి ప్రపంచ యుద్ధపు ఆటలో ఏది వాడాలి?

జవాబు: ఈనాడు ఆ పేరుతో చెప్పేది అర్ధ లూప్ (నిలువుగా పైకి సగం చుట్టు) వేసి, తలకిందులుగా ఉన్న విమానాన్ని పైన సగం దొర్లించి, ఎదురు దిశలో ఎక్కువ ఎత్తున సాగిపోవడం. 1916 జూన్‌లో మరణించిన జర్మన్ పైలట్ మాక్స్ ఇమ్మెల్మాన్ నడిపిన ఫోకర్ ఐన్‌డెకర్ విమానానికి ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చేందుకు రెక్కల వెనక అంచున ఉండే కదిలే పలకలు) లేవు, రెక్కలనే మెలితిప్పి వాలుతిప్పేవారు. ఇంజను బలం కూడా తక్కువ. అప్పట్లో ఆయన పేరు మీద ప్రసిద్ధమైనది వేరు: డైవ్ చేసి కాల్చి, అదే ఊపులో నిటారుగా పైకెక్కి, వేగం దాదాపు అయిపోయే చోట రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) ముక్కును పక్కకు తిప్పి, అదే లక్ష్యం మీదికి మళ్లీ దిగడం. మీ ఆట 1915-16 నాటిదైతే ఈ రెండో పద్ధతినే పెట్టండి: పైన కనిష్ఠ వేగానికి చేరినవారికి ఒకే గడిలో 180 డిగ్రీలు తిరిగే హక్కు ఇవ్వండి, కానీ ఆ వంతులో కాల్చనివ్వకండి. పైన వేగం లేక, దాదాపు కదలకుండా ఉన్న ఆ క్షణంలో వారిమీద కాల్చేవారికి మాత్రం గురి సులువు కావాలి. అర్ధ లూప్ రకం రెండో యుద్ధపు విమానాలకు సరిపోతుంది. నా ఊహా విమానమైతే వేగం 5తో మొదలై, 10 మెట్లు పైన, వేగం 3తో బయటపడుతుంది. స్ప్లిట్-ఎస్ దీనికి తిరగేసిన రూపం: ముందు సగం దొర్లి, అర్ధ లూప్‌ను కిందికి వేయడం. కింద చాలినన్ని మెట్లు లేనివారు నేలను ఢీకొన్నట్టే.

ప్రశ్న: ముందు కదిలినవారే ఎప్పుడూ నష్టపోతున్నారు. వంతుల క్రమం ఎలా ఉండాలి?

జవాబు: ఇద్దరూ తమ కదలికను రహస్యంగా రాసుకుని ఒకేసారి బయటపెట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి, ఎందుకంటే ఎదుటివారి మనసును ఊహించడమే ఈ పోరాటంలోని అసలు ఉత్కంఠ. ఒక్క మినహాయింపు పెట్టండి: తోక వెనక, మూడు నాలుగు గడుల దూరంలో ఉన్న విమానానికి ముందున్నవారు తమ మలుపు ఎడమకో కుడికో ముందే చెప్పాలి. వెనక నుంచి చూసే పైలట్‌కు శత్రువు రెక్క ఏ వైపు వాలుతోందో కనిపిస్తుంది కాబట్టి ఇది న్యాయమే. సూర్యుణ్ణి వెనక పెట్టుకోవాలనీ, దగ్గరికి వచ్చాకే కాల్చాలనీ, వీలైనంతవరకు వెనక నుంచే దాడి చేయాలనీ జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కె 1916లోనే తన పైలట్లకు చెప్పాడు. బల్లకు ఒక అంచును సూర్యుడి దిక్కుగా నిర్ణయించి, ఆ వైపు నుంచి, పై ఎత్తు నుంచి వచ్చే దాడి మొదటి కాల్పు వరకు కనిపించదని రాసుకుంటే ఆ సలహాల్లో మొదటిది నియమమైపోతుంది.

ప్రశ్న: 1940 నాటి స్పిట్‌ఫైర్‌కూ మెస్సర్‌ష్మిట్ 109కూ తేడా ఎలా చూపాలి?

జవాబు: అంకెలన్నీ మార్చనక్కర్లేదు. బ్రిటిష్ విమానమైన స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజనుకు కార్బురేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉండేది. పైలట్ ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే ఇంధనం సరిగా అందక ఇంజను తడబడేది. 109లోని జర్మన్ ఇంజనులోకి ఇంధనం నేరుగా చిమ్మబడేది కాబట్టి దానికి ఆ బాధ లేదు. అందుకే 109కు ఏ గడి నుంచైనా వెంటనే డైవ్ చేసే హక్కు ఇచ్చి, స్పిట్‌ఫైర్ ముందు ఒక గడిలో సగం దొర్లి, ఆ తర్వాతే దిగాలని పెట్టండి; ముక్కును తోయకుండా అలా తలకిందులై లాగి దిగితే ఇంజను తడబడదు. మలుపులో స్పిట్‌ఫైర్‌కు ఒక గడి తక్కువ ఇవ్వవచ్చు. ఇంజినీరు బియాట్రిస్ షిల్లింగ్ రూపొందించిన, ఇంధన ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న రంధ్రపు బిళ్లను 1941లో మెర్లిన్ ఇంజన్లకు బిగించారు కనుక, ఆ తర్వాతి పోరాటాలు ఆడేటప్పుడు దొర్లే షరతు తీసేయండి. స్పిట్‌ఫైర్ వరుసగా రెండు వంతులు తలకిందులుగా ఎగిరితే మాత్రం వేగంలో ఒక అంకె తగ్గించండి.