ఆత్మలను శోధించాలా, పరీక్షించాలా?

సందేహం: మా ప్రార్థన కూటంలో కొందరు ‘ప్రతి ఆత్మనూ శోధించాలి’ అంటారు, కొందరు ‘పరీక్షించాలి’ అంటారు. ప్రసంగాల్లో ‘ఆత్మల వివేచన’ అని వింటాం. మూడూ ఒకటేనా? ‘దురాత్మ’, ‘దురాత్ముడు’ – ఏది సరి?

సమాధానం: ఒకటి కావు. మనసులోకి వచ్చిన ప్రేరణ దేవుని ఆత్మదా, చెడ్డ ఆత్మదా అని చూడడం గురించే ఈ మాటలన్నీ. ‘ఆత్మలను శోధించాలి’ అనకపోవడమే మంచిది. శోధనానికి సంస్కృతంలో శుద్ధి చేయడమని అర్థం. వెదకడం, పరీక్షించడం అనే అర్థాలూ తెలుగులో ఉన్నాయి. కాని తెలుగు బైబిలు చదివేవారి చెవికి ‘శోధన’ అంటే పాపంలోకి లాగే ప్రేరేపణే. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసును శోధించినవాడు అపవాది, అంటే సాతాను. అక్కడ వాడి పేరే ‘శోధకుడు’. దేవుడు ఎవనినీ శోధింపడని యాకోబు 1:13 చెబుతుంది. ఆదికాండము 22:1లో దేవుడు అబ్రాహామును ‘పరిశోధించెను’ అని అనువాదకులు రాశారు. ఆ ‘పరి’ ఊరికే వచ్చి చేరింది కాదు.

మరి 2 కొరింథీయులకు 13:5లో ‘మిమ్మును మీరే శోధించుకొని’ అని ఉంది కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ‘కొను’ చేరింది, పక్కనే ‘పరీక్షించుకొనుడి’ అనీ ఉంది; అందుచేత వెదకి చూసుకోవడమనే పాత అర్థం నిలిచింది. తనను తాను శోధించుకోవచ్చు. ఎదుటి ఆత్మ విషయంలో మాత్రం 1 యోహాను 4:1 వాడిన మాట ‘పరీక్షించుడి’. దానికి మూలమైన గ్రీకు క్రియను లోహాల మేలిమి చూడడానికీ వాడేవారు.

వివేచన 1 కొరింథీయులకు 12:10లోని మాట. ‘విచ్’ ధాతువుకు వేరుచేయడమని అర్థం. ధాన్యాన్ని చెరిగి పొల్లు వేరుచేయడం దాని తొలి అర్థాల్లో ఒకటి. వివేకమూ ఆ ధాతువు నుంచి పుట్టిందే. పరీక్ష మనం చేసే పని, వివేచన ఆ పనివల్ల తేలేది. అందుకే పరీక్షించడానికి ఒక్క వస్తువు చాలు, వివేచించడానికి రెండు వైపులు కావాలి. హెబ్రీయులకు 5:14 ‘మేలు కీడులను వివేచించుటకు’ అంటుంది. ‘ఈ ఆలోచనను వివేచించాను’ అంటే వాక్యం కుంటుతుంది. ‘ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో వివేచించాను’ అంటే నిలబడుతుంది. ‘ఆత్మ వివేచన’ అని ఏకవచనంలో రాస్తే తన్ను తాను తెలుసుకోవడమనిపిస్తుంది కనుక ‘ఆత్మల’ అనే ఉంచండి. ఇక ‘ఆత్మల వివక్ష’ వద్దే వద్దు. నేటి తెలుగులో వివక్ష అంటే పక్షపాతం.

పరీక్షలో ఏం చూడాలో 16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా, యేసు సభ (జెస్యూట్) అనే కతోలిక సన్యాసి సంఘ స్థాపకుడు, ఆత్మల వివేచనకు రాసిన నియమాల్లో వివరంగా చెప్పాడు. ఆలోచన మొదలు, నడుమ, చివర – మూడూ మంచివైపే సాగితే అది మంచి ఆత్మది. మొదలు భక్తిగా ఉన్నా చివరకు మునుపటికన్నా తక్కువ మంచికి దిగజార్చినా, ఉన్న శాంతిని చెడగొట్టి మనసును కలతపెట్టినా అది చెడ్డదాని గుర్తు. మనసు ఎండిపోయి దిగులుగా ఉన్న వేళ పాత నిర్ణయాన్ని మార్చుకోవద్దన్నది ఆయన మరో నియమం. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: మొదలు మాత్రమే చూసి, నడుమా చివరా తేలకముందే తీర్పు ఇచ్చేస్తారు.

ఆ తొందర మన క్రియాపదంలోనే బయటపడుతుంది. తెలుగు బైబిలులో పరిశుద్ధాత్మకు పుంలింగ క్రియ వస్తుంది: రోమీయులకు 8:26లో ఆత్మ ‘విజ్ఞాపనము చేయుచున్నాడు’. దురాత్మకు నపుంసకమే: 1 సమూయేలు 16:14లో ‘దురాత్మయొకటి’ వచ్చింది. కాబట్టి ‘ఆత్మ నాతో చెప్పాడు’ అన్న క్షణానే అది దేవుని ఆత్మ అని తేల్చేసినట్టు. ఇంకా పరీక్షిస్తున్న మాటైతే ‘నాకిలా అనిపించింది’ అనండి, రోజువారీ ప్రార్థన పుస్తకంలోనూ అలాగే రాసుకోండి. ‘చెప్పాడు’ అని రాసిపెట్టుకున్నదాన్ని తర్వాత మళ్లీ పరీక్షకు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

మీ రెండో ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. దురాత్ముడంటే చెడ్డ మనసున్న మనిషి, అది బహువ్రీహి సమాసం. కావ్యాల్లో కనిపించేది ఇదే. దురాత్మ అంటే చెడ్డదైన ఆత్మ, కర్మధారయం. ఈ అర్థం క్రైస్తవ వాడుకలో స్థిరపడింది. రెండూ సరైన మాటలే. అయితే ‘అతన్ని దురాత్ముడు పట్టాడు’ అంటే ఎవడో దుర్మార్గుడు వచ్చి పట్టుకున్నాడని అర్థమవుతుంది. ‘దురాత్మ పట్టింది’ అనాలి.