స్థలం అమ్మిన డబ్బులో దేవుని భాగం ఎంత?

ప్రశ్న: వందనాలండీ. మాది గుంటూరు. 2014లో 16 లక్షలకు కొన్న స్థలం ఈమధ్య 40 లక్షలకు అమ్ముడుపోయింది. మేం ఊహించని దీవెన. కృతజ్ఞతగా 4 లక్షలు మా చర్చి మందిరం స్లాబ్‌కు ఇద్దామని నేను, ముందు 11 లక్షల ఇంటి లోను తీరుద్దామని మా వారు. ఈఎంఐ నెలకు 16 వేలు, ఇంకా 8 ఏళ్లుంది. మా తోడికోడలు కూతురి నర్సింగ్ ఫీజుకు 60 వేలు అప్పడుగుతోంది. బైబిల్లో బర్నబా పొలం అమ్మి సొమ్మంతా తెచ్చిచ్చాడని మొన్న పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పినప్పటి నుంచి మనసు నిలవడం లేదు. ఎంత ఇవ్వాలి?

జవాబు: వందనాలమ్మా. బర్నబా సంగతి అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం చివర ఉంది. అక్కడ ఆగకుండా అయిదో అధ్యాయంలోకి వెళ్లండి. అననీయ కూడా పొలమే అమ్మాడు. అమ్మకముందు అది నీదే, అమ్మాక ఆ సొమ్మూ నీ వశంలోనే ఉంది కదా అని పేతురు అతన్ని అడుగుతాడు. తప్పు పట్టింది కొంత ఉంచుకున్నందుకు కాదు, దాచి అబద్ధమాడినందుకు. కాబట్టి భయపడి ఇవ్వక్కర్లేదు. ఇంకోటి, బర్నబా తెచ్చిన డబ్బు గోడలకు పోలేదు. అక్కరలో ఉన్నవాళ్లకు పంచారు.

ఇక లెక్క. 40 లక్షల్లో 16 లక్షలు మీరు పెట్టినవే. పెరిగింది 24 లక్షలు. దాని మీద 12.5 శాతం పన్ను, అంటే 3 లక్షలు, పైన సెస్సు. 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషన్‌తో, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూసే 20 శాతం లెక్క కూడా వేయించి, ఏది తక్కువైతే అది కట్టండి. కానుక కవరు కంటే ముందు ఈ డబ్బు పక్కన పెట్టాలి. మిగిలిన 21 లక్షల లాభంలో పదో వంతు 2 లక్షల 10 వేలు. నన్నడిగితే ఈ స్థలం మీద మీ కృతజ్ఞత కానుక అంతే, 4 లక్షలు కాదు.

మీ వారి మాటా విందాం. లోను తీర్చేయండి. నెలకు 16 వేలు చేతిలో మిగులుతాయి. అందులో 4 వేలు సాయానికని వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 48 వేలు, ఎనిమిదేళ్లలో 3 లక్షల 84 వేలు. ముందు ఇచ్చిన దానితో కలిపితే దాదాపు 6 లక్షలు. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఇస్తున్నారు, అదీ మీ వారి మాట కాదనకుండా!

నెలనెలా ఎందుకంటే, అవసరం మన సౌకర్యం చూసుకుని రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అన్నం పొట్లాలు పంచడానికి చాలామంది కదిలారు. నీళ్లు తీశాక తడిసిన పరుపులు, పాడైన ఆటోలు మిగిలాయి. అప్పుడు పనికొచ్చేది అందుబాటులో ఉన్న డబ్బు. మీ ఊళ్లో 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ తెరిచిన ఆసుపత్రి వెనక ఉన్నది కూడా అమెరికాలోని లూథరన్ మహిళల మిషనరీ సంఘమే. ఒక్క ధనవంతుడి చెక్కు కాదు.

పన్ను కలిసొస్తుందని మాత్రం ఇవ్వకండి. విరాళాల మీద వచ్చే 80జి మినహాయింపు కొత్త పన్ను విధానంలో లేదు. పాత విధానంలో ఉన్నా ఈ స్థలం లాభం మీద పన్నును అది తగ్గించదు. మందిరం కట్టడానికి ఇచ్చేదానికి మామూలుగా అది వర్తించదు కూడా. అర్హత ఉన్న సంస్థకైనా 2 వేలు దాటి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. రసీదు మాత్రం ఎక్కడిచ్చినా అడగండి, మొహమాటపడొద్దు.

లోను, పన్ను, కానుక పోగా, సెస్సు తీయకముందు 23 లక్షల 90 వేలు మిగులుతాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా చూసుకున్నాకే మిగతాది ఎక్కడ పెట్టాలో ఆలోచించండి. వివరాలు రాస్తే చెబుతాను.

ఆ 2 లక్షల 10 వేలు ఎలా పంచాలంటారా? స్లాబ్‌కు లక్ష ఇవ్వండి, చాలు. స్లాబ్‌కిచ్చినవాళ్ల పేర్లు పలక మీద చెక్కుతారు, ఫీజు కట్టినవాళ్ల పేరు ఎవరూ చెక్కరు. అందుకే రెండోదానికి ఇచ్చేవాళ్లు తక్కువ. ఆ అమ్మాయి 60 వేలూ ఇందులోంచే కాలేజీ ఖాతాకు నేరుగా కట్టేయండి. తోడికోడలు అప్పనే అడిగింది, మీరు అప్పుగా ఇవ్వకండి. అప్పయితే రేపు పెళ్లిళ్లలో, పండగల్లో ఆమె మీ మొహం చూడలేదు, మీరూ ఆమె మొహం చూడలేరు. తిరిగి ఇవ్వక్కర్లేదని ఈ వారమే చెప్పండి. మిగిలిన 50 వేలు ఆ సాయం ఖాతాలో వేస్తే అమ్మాయి రెండో ఏడాది ఫీజుకు వెతుక్కోనక్కర్లేదు.