పద్నాలుగో మంచం మనిషి

చినవాల్తేరు,
విశాఖపట్నం

అమ్మాయీ,

నీ కథ అందింది. మొదటిసారి చదివి కాగితాలు బల్ల మీద పడేశాను. ఆ చప్పుడుకి మా ఆవిడ వంటింట్లోంచి ‘ఏమైంది?’ అని అడిగింది. తర్వాత ఇంకో రెండుసార్లు చదివాను. మనిద్దరికీ ముఖపరిచయం లేకపోయినా నువ్వనే అంటాను, నా మనవరాలి ఈడుదానివి. హౌస్ సర్జన్సీలో నైట్ డ్యూటీల మధ్య రాశానన్నావు. వాక్యం నడిపించడం వచ్చు నీకు. మెచ్చుకోలు ఇంతే.

కొడుకు అమెరికా వెళ్తానన్న రోజున నీ కథలో తల్లి బీపీ 220కి ఎక్కింది. ‘రక్తంలో హార్మోన్లు తుఫానులా చెలరేగాయి’ అన్నావు. ఆవిడ వంటింట్లో కూలిపోయింది. కొడుకు టికెట్ చింపేసి పక్కన కూర్చునేసరికి సాయంత్రానికల్లా 120/80. డాక్టరు నవ్వి ‘టెన్షనమ్మా, అంతే’ అన్నాడు.

ఇది ఎంబీబీఎస్ చదివిన పిల్ల రాసిందేనా? ఏ హార్మోను? ఎక్కణ్ణించి వచ్చింది, ఏం చేసింది? పొద్దున రౌండ్స్‌లో మీ ప్రొఫెసరు అడిగితే ‘తుఫానులా చెలరేగాయి సార్’ అంటావా? స్టెతస్కోపుతో పాటు చదువుని కూడా వార్డులో మేకుకి తగిలించి వచ్చి రాశావు. అడ్రినలిన్ బీపీని ఎగదోస్తుంది, కాదనను. కుక్క వెంటపడితే నాకూ పెరుగుతుంది, కాసేపటికి దిగుతుంది. ఏళ్ళ తరబడి దిగకుండా కూర్చునే బీపీ సంగతి వేరు. ఉన్నట్టుండి ఎగిరి, తలనొప్పీ చెమటలూ గుండెదడతో మనిషిని ఊపేసి దిగిపోయే బీపీయే కావాలనుకుంటే, ఫియోక్రోమోసైటోమా అని అడ్రినల్ గ్రంథిలో పుట్టే గడ్డ ఉండనే ఉంది. కొడుకు టికెట్ చింపినంత మాత్రాన అది కరగదు.

టెన్షన్ అన్న మాట మీద నాకు పాత కక్ష ఉంది. హైపర్‌టెన్షన్‌లోని టెన్షన్ రక్తనాళం గోడ మీద పడే ఒత్తిడి. దాన్ని మనం ‘నాకు టెన్షన్‌గా ఉంది’లోని టెన్షన్‌తో కలిపేశాం. కలిపేసరికి జబ్బు కాస్తా మనిషి గుణమైపోయింది. బీపీ వచ్చిందా, నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు, ప్రతిదీ పట్టించుకుంటావు, తప్పు నీదే. దానికన్నా మన రక్తపోటు నయం. పోటు అంటే ఏమిటో మన బీచిలో ఎవర్నడిగినా చెప్తారు. నీరు ఎంత మేర పైకొచ్చిందన్న లెక్కే గానీ సముద్రం మనసు బాగోలేదని ఎవరూ అనరు.

మా ఆవిడ పెళ్ళైన కొత్తలో ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లూ నన్ను వెనక వదిలేసి నడిచిన మనిషి. 38వ ఏట బీపీ 180/110. రాత్రి నాలుగైదుసార్లు నిద్ర లేచేది, పిక్కలు పట్టేసేవి. మేము వెళ్ళే నర్సింగ్ హోంలో ఆరేళ్ళ పాటు చెప్పింది ఒకటే, ‘టెన్షన్ తగ్గించుకోండమ్మా’ అని. మా అమ్మ విష్ణు సహస్రనామం చదువుకోమంది. నేను ఆవకాయ జాడీ అటకెక్కించాను. అంతటితో ఊరుకున్నానా, కథ కూడా రాశాను. అందులో ఒక ఇల్లాలు అన్నీ కడుపులో పెట్టుకుని కుమిలి కుమిలి బీపీ తెచ్చుకుంటుంది. బహుమతి వచ్చింది దానికి. మా ఆవిడ చదివి, ‘నేనింత కుమిలిపోతున్నానని నాకే తెలీదే’ అంది. మెచ్చుకుందనుకున్నాను.

ఆ తర్వాత ఒంట్లో నీరు లాగే మాత్ర ఒకటి కలిపారు. కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేవబోతే కాళ్ళు రాలేదు. పరీక్ష చేస్తే పొటాషియం 2.4. అది 3.5కి తగ్గకూడదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు టెన్షన్ అన్న మాట ఎత్తలేదు. ‘రాత్రుళ్ళు ఎన్నిసార్లు లేస్తారమ్మా?’ అని అడిగాడు. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆవిడ మొగుణ్ణి, కథలు రాసేవాణ్ణి, నేను కూడా. చివరికి ఎడమ కిడ్నీ నెత్తిన ఉన్న అడ్రినల్‌లో శనగగింజ కన్నా కాస్త పెద్ద గడ్డ బయటపడింది. ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ని ఎడాపెడా పోస్తున్నది అదే.

నీకు చెప్పేంత చదువు నాకు లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. కిడ్నీకి చేరే రక్తంలో ఒత్తిడి తగ్గితే అది రెనిన్ అనే ఎంజైముని వదుల్తుంది. కాలేయం నుంచి వచ్చిన ఒక ప్రోటీన్‌ని రెనిన్ కోస్తే, ఆ ముక్కని ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఉండే ఎంజైము మళ్ళీ కత్తిరిస్తుంది. అదే ఆంజియోటెన్సిన్-2. అది రక్తనాళాల్ని బిగించి, అడ్రినల్ చేత ఆల్డోస్టిరాన్ పోయిస్తుంది. ఆల్డోస్టిరాన్ ఉప్పుని ఒంట్లో ఆపి పొటాషియాన్ని బయటికి తోస్తుంది. పోర్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనక నాకు ఇదంతా ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి నడిచినట్టు కనబడింది. మా ఆవిడ ఒంట్లో పైనుంచి ఫైలు రాకుండానే కింది గుమాస్తా సంతకాలు పెట్టేస్తున్నాడు. రెనిన్ అడుగంటిపోయింది, ఆల్డోస్టిరాన్ మాత్రం పొంగుతోంది. చూశావా, ఉపమానాలు వద్దని చెప్పబోయి నేనే అందులో పడ్డాను. అయినా నా గుమాస్తా ఏ బల్ల దగ్గర ఏం చేశాడో చెప్పగలను. నీ తుఫాను గురించి నువ్వు చెప్పగలవా?

1954లో అమెరికాలో జెరోమ్ కాన్ అనే డాక్టరు ఒక 34 ఏళ్ళ ఆవిడలో కనిపెట్టింది ఈ జబ్బునే. బీపీ ఉన్నవాళ్ళలో నూటికి ఐదు నుంచి పది మందికి ఇదే ఉంటుందంటారు. వాళ్ళలో ఎంతమందిని టెన్షన్ తగ్గించుకోమన్నారో! ఆపరేషనయ్యాక మా ఆవిడ బీపీ పూర్తిగా పోలేదు, ఒక చిన్న మాత్ర మిగిలింది. కాళ్ళకి సత్తువ వచ్చింది. నా కథ మాత్రం సంకలనంలో అలాగే ఉంది. తీసెయ్యమంటే ప్రచురణకర్త ‘బహుమతి కథండీ’ అన్నాడు.

అడ్రినల్ అని రాయాలా, అధివృక్క గ్రంథి అని రాయాలా అని అడిగావు. నీ పాత్ర ఏమంటుందో అదే రాయి. ఒకసారి ఒక సంపాదకుడు నా కథలో బీపీ అన్న చోటల్లా రక్తపోటు అని దిద్ది వేశాడు. పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలమ్మే మనిషి ‘నాకు రక్తపోటు అధికమైనది’ అన్నట్టు అచ్చయింది. అంతకు ముందు ఆ కథని పదకొండు నెలలు తన దగ్గరే ఉంచుకున్నాడు మహానుభావుడు. స్టాక్‌హోంలో టిగర్‌స్టెట్ అనే ఆయన కుందేలు కిడ్నీల రసాన్ని వేరే కుందేళ్ళకి ఎక్కించి, బీపీ పెరగడం చూసి, 1898లో దానికి రెనిన్ అని పేరు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా దాని మొహం చూసినవాళ్ళు లేరు. పదకొండు నెలలు ఎంత అని సరిపెట్టుకున్నాను. కోపం మాత్రం పోలేదు.

ఇక నిన్ను తిట్టడానికి అసలు కారణం. నీ కథ మూడో పేజీలో, తల్లిని వార్డులోకి తెచ్చేటప్పుడు రెండు వాక్యాలున్నాయి. ‘పద్నాలుగో మంచం మీద జాలరి కల్లుప్పు చప్పరిస్తున్నాడు. ఆసుపత్రి పాలలోనూ ఇంత ఉప్పు వేసుకున్నాడు.’ అంతే, మళ్ళీ ఆ మనిషి ఊసు లేదు. తల్లినీ కొడుకునీ నువ్వు కల్పించావు, తెలిసిపోతూనే ఉంది. ఈ మనిషిని మాత్రం చూశావు. పాలలో ఉప్పు కల్పించడం నీకింకా చేతకాదు.

అతని ఒళ్ళు చూశావా? వేటకెళ్ళే మనిషి నల్లబడితే ఇంట్లోవాళ్ళు ఎండే అనుకుంటారు. చిగుళ్ళ మీద నలుపు ఉందా? అరచేతి గీతల్లో? అక్కడికి ఎండ పోదు. అడ్రినల్ చచ్చుబడితే మెదడు అడుగునున్న పీయూష గ్రంథి ‘ఇంకా, ఇంకా’ అని ఏసీటీహెచ్, అంటే అడ్రినల్‌ని పని చెయ్యమని తరిమే హార్మోన్ని, కుమ్మరిస్తుంది. చర్మానికి రంగు పట్టించేది అదే. పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ విడివిడిగా చూశారా? లేవగానే కళ్ళు తిరిగేవా? క్షయ ఏమైనా ఉందా? అది అడ్రినల్ దాకా పాకడం మన దేశంలో కొత్త కాదు. 1855లో లండన్‌లో థామస్ ఆడిసన్ ఈ జబ్బు గురించి పుస్తకం వేశాడు. చర్మం రంగు, నీరసం, బలం లేని నాడి, పోయినవాళ్ళని కోసి చూస్తే చెడిపోయి ఉన్న ఆ గ్రంథులు, ఇవే రాశాడు. హార్మోన్ అన్న మాట పుట్టింది 1905లో. ఆ మాట తెలియని మనిషి అంత చూశాడు. ఆ మాట తెలిసి నువ్వు తుఫాను చూశావు.

మా ఆవిడకి ఎక్కువైందీ, నా అనుమానం నిజమైతే ఆ జాలరికి లేకుండా పోయిందీ ఒకటే, ఆల్డోస్టిరాన్. ఉప్పు తినకూడదని నేను జాడీ అటకెక్కించాను. ఉప్పు లేకపోతే మొగుడు నిలబడలేడని అతని పెళ్ళాం కొంగున కట్టుకుని కేజీహెచ్ ఆసుపత్రి కొండెక్కి వచ్చిందేమో. అడిగావా? అడిగితే ఆవిడ చెప్పే సమాధానంతో మొదలుపెట్టు. అమెరికా కొడుకుని వెళ్ళనివ్వు పాపం.

నువ్వడిగినవి ఇంకా రెండు మూడు ఉన్నట్టున్నాయి, ఉత్తరం మొదటి కాగితం ఎక్కడ పెట్టానో కనబడటం లేదు. కలం పేరు గురించి ఏదో అడిగినట్టు గుర్తు.

మా ఆవిడ కూడా నీ కథ చదివింది. తల్లి గురించి ఏమీ అనలేదు. ‘ఆ ఉప్పు తినే అతను ఇంటికెళ్ళాడా?’ అని నిన్నటి నుంచి రెండుసార్లు అడిగింది. రికార్డుల్లో చూసి రాయి.

ఆశీస్సులతో,
మీ ఊరి పాత కథకుడు